కీళ్లవాతం ఉన్న బిడ్డకు తిండి సరిపోతోందా?



కీళ్ల వాపుతో బిడ్డను ఎత్తుకొచ్చినప్పుడు మీరు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, "మళ్లీ నడుస్తాడా సిస్టర్?" రెండోది, "ఏం పథ్యం పెట్టాలి?" మొదటిదానికి డాక్టరుగారు జవాబు చెబుతారు. రెండోదాని గురించే ఈ పాఠం.

16 ఏళ్లలోపు పిల్లలకు కీళ్లు వాచి, 6 వారాలు దాటినా తగ్గకుండా, వేరే కారణం ఏదీ కనబడకపోతే దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. మన వాడుకలో పిల్లల కీళ్లవాతం. ఇది పెద్దవాళ్లకు వచ్చే మోకాళ్ల అరుగుదల కాదు. ఒంట్లో రోగాలను ఎదుర్కోవలసిన శక్తి పొరపాటున సొంత కీళ్లమీదే తిరగబడటం వల్ల వచ్చే వాపు. ఈ వాపు కీలు దగ్గరే ఆగదు. ఆకలిని చంపుతుంది, కండను కరిగిస్తుంది, ఎదుగుదలను వెనక్కి లాగుతుంది. అందుకే ఈ పిల్లలకు మందులతోపాటు ఎదుగుదలను కూడా లెక్కచూస్తూ ఉండాలి.

బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం

కొన్నేళ్ల క్రితం మిరప పొలాల ఊరినుండి 9 ఏళ్ల పాప వచ్చేది. స్టెరాయిడ్ మాత్రలు వాడుతోంది. 8 నెలల్లో 3 కిలోలు పెరిగింది, బుగ్గలు నిండాయి. నేను సంతోషపడి కార్డు మీద "బరువు బాగుంది" అని రాశాను. ఆ రోజు తోడు వచ్చిన నాయనమ్మ ఊరికే మాటల్లో అన్నది: "పోయిన ఉగాదికి కుట్టించిన పావడానేనమ్మా ఇది. నడుం దగ్గర బిగుసుకుపోయింది గాని పొడుగు మాత్రం చాలలేదనడానికి లేదు." వెంటనే గోడకు నిలబెట్టి కొలిచాము. ఏడాదిలో ఒక్క సెంటీమీటరే పెరిగింది. చేతులు, తొడలు చూస్తే పుల్లల్లా ఉన్నాయి. పెరిగిన బరువు స్టెరాయిడ్ వల్ల చేరిన నీరు, కొవ్వు. కండ కాదు, ఎముక కాదు. నాకు కనబడనిది పావడా చూసి ఆ పెద్దావిడ కనిపెట్టింది.

స్టెరాయిడ్ చెడ్డ మందు అని దీని అర్థం కాదు. కొందరు పిల్లలకు అది తప్పనిసరి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ప్రమాదం. అయితే ఆ మందు వాడే బిడ్డ బుగ్గలు చూసి తిండి వంటబడుతోందని అనుకోకూడదు.

ఇంట్లో మీరు కొలవవలసినవి

5 ఏళ్ల నుండి ఎదిగే వయసు వచ్చేదాకా పిల్లలు మామూలుగా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతారు. 4 కంటే తక్కువైతే మాకు చెప్పాలి. పుట్టినరోజుకో, క్రిస్మస్‌కో, సంక్రాంతికో మీకు గుర్తుండే రోజున తలుపు చట్రం దగ్గర నిలబెట్టి పెన్సిలుతో గీత పెట్టండి. 6 నెలలకు మళ్లీ అదే చోట పెట్టండి. మోకాళ్లు చాపలేని బిడ్డను అలా కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. అలాంటి పిల్లలకు చేతులు రెండూ బారచాపించి ఒక మధ్యవేలి కొస నుండి రెండో మధ్యవేలి కొసదాకా మేము కొలుస్తాము. మోచేతులు కూడా వంగిపోయి ఉంటే మడమ నుండి మోకాలి పైదాకా కొలుస్తాము. పద్ధతి ఏదైనా ప్రతిసారీ అదే పద్ధతిలో కొలవాలి.

భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన దండ చుట్టుకొలత కూడా ముఖ్యం. 5 ఏళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలో రంగుల టేపుతో కొలుస్తారు. 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే పోషణ చాలడం లేదని, 11.5 కంటే తక్కువైతే వెంటనే ఆసుపత్రికి తేవాలని అర్థం. పెద్ద పిల్లల విషయంలో పోయిన నెల కొలతతో ఈ నెల కొలతను పోల్చుకోండి. తగ్గుతూ ఉంటే, త్రాసు ఏం చెప్పినా నమ్మవద్దు.

మరొక సంగతి. "మోకాలు ఇంత లావైంది" అని చూపిస్తారు. వాపు ఉన్నమాట నిజమే గాని, పైన తొడ సన్నబడటం వల్ల అది ఇంకా లావుగా కనిపిస్తుంది. రెండు తొడలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఎందుకు తినడం లేదు?

"మొండి సిస్టర్, ముద్ద నోట్లో పెట్టుకుని కూర్చుంటాడు" అంటారు. మొండితనం అనే ముందు బిడ్డ సొంత వేళ్లు మూడు కలిపి, నిలువుగా పళ్లమధ్య పెట్టుకోమనండి. పట్టకపోతే దవడ కీలుకు కూడా వాపు ఉండవచ్చు. ఆ బిడ్డ నమలలేక మెత్తని చారన్నం మాత్రమే మింగుతాడు. అతనికి పప్పు, గుడ్డు, కూర మెత్తగా చిదిపి పెట్టండి, డాక్టరుగారికి తప్పక చెప్పండి.

వేళ్ల కీళ్లు వాచిన పిల్లలు అన్నం కలుపుకోలేరు, ముద్ద చేయలేరు. నలుగురిలో సిగ్గుపడి "చాలు" అని లేచిపోతారు. స్పూను కాడకు గుడ్డ చుట్టి లావుగా చేసి ఇవ్వండి. స్పూనుతో తింటే దొరబాబు అని వెక్కిరించే తాతయ్యలకు నేను చెప్పానని చెప్పండి.

తెల్లవారుజామున కీళ్లు పట్టేసి ఉంటాయి, గంటసేపు బిడ్డ కదలలేడు. పత్తి తీతల కాలంలో, మిరప కోతల కాలంలో తల్లి చీకటితోనే కూలికి వెళ్తుంది. మూతపెట్టిన గిన్నె దగ్గరకు బిడ్డ వెళ్లేసరికి బడి వేళవుతుంది. ఖాళీ కడుపున నొప్పి మాత్ర వేసుకుంటాడు, కడుపులో మంట, మధ్యాహ్నం తిండి కూడా పోతుంది. నొప్పి మాత్ర తిన్న తరువాతే వేయాలి. పక్కింటి పిన్నికో అత్తకో ఈ ఒక్క పని అప్పగించి వెళ్లండి. మెథోట్రెక్సేట్ వాడే పిల్లలకు ఆ రోజూ మరునాడూ వికారంగా ఉండవచ్చు. అది వారానికి ఒక్కసారే వేసే మందు, పొరపాటున రోజూ వేస్తే విషమవుతుంది. ఆ రెండు రోజులు బలవంతం చేయక, మిగతా రోజుల్లో బాగా పెట్టండి.

పథ్యం సంగతి

మన పాపకు 8 నెలలుగా పప్పు లేదు, గుడ్డు లేదు, పెరుగు లేదు, దుంపలు లేవు. వాతం చేస్తాయని మానిపించారు. ప్రేమతోనే చేశారు. పెద్దవాళ్లకు వచ్చే గౌట్ అనే జబ్బుకు కొన్ని వస్తువులు తగ్గించమని చెబుతారు, అది విని చిన్నపిల్లలకు కూడా అన్వయిస్తున్నారు. పిల్లల కీళ్లవాతానికి పప్పు, గుడ్డు, పెరుగు కారణం కావు. వాటిని మానిపిస్తే కరిగేది వాపు కాదు, కండ. ఏదైనా ఒక పదార్థం తిన్న ప్రతిసారీ దద్దుర్లు, విరేచనాలు వస్తే అది వేరే సంగతి, చెప్పండి.

మన ప్రాంతంలో అన్నం, పండుమిరప పచ్చడి, గోంగూర, మజ్జిగ ఉంటే భోజనం అయిపోయిందనుకుంటాము. గోంగూర మంచిదే. కాని పచ్చడి అన్నంతో కండ పెరగదు. స్టెరాయిడ్ వాడేవారికి ఊరగాయల ఉప్పు వల్ల ఒళ్లు నీరుపడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. పూటకొక గరిటె గట్టి పప్పు, రోజుకొక గుడ్డు చాలా ఇళ్లలో వీలవుతాయి. బడిలో ఇచ్చే గుడ్డును తమ్ముడికి ఇవ్వకుండా తనే తింటున్నాడా అని అడగండి.

ఎముకల కోసం కాల్షియం కావాలి. 7 నుండి 9 ఏళ్ల బిడ్డకు రోజుకు 650 మిల్లీగ్రాములు, 10 నుండి 12 ఏళ్లకు 850 అని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. గ్లాసు పాలలో సుమారు 240 ఉంటుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350. నువ్వుల ఉండ, ముళ్లతో తినే చిన్నచేపలు కూడా మంచివి. నొప్పి అని బిడ్డను రోజంతా గదిలో ఉంచకండి, ఎండ తగలనివ్వండి.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుండి వచ్చేవారు ఏ నీళ్లు తాగుతున్నారో తప్పక చెప్పాలి. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య పాతదే. ఆ ఊళ్లన్నీ నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఆ జిల్లాలోని ఫ్లోరైడ్ జబ్బు గురించి షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివారు రాశారు. ఫ్లోరైడ్ వల్ల కూడా కీళ్లు పట్టేస్తాయి, కాళ్లు వంకరపోతాయి, పళ్లమీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. కాల్షియం చాలని పిల్లలకు ఇంకా ఎక్కువ హాని. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

కొందరు పిల్లలు దీనికి పూర్తిగా ఎదురు. ఆటలు లేక, చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులతో లావెక్కుతారు. ఆ బరువంతా మోకాళ్లమీదే పడుతుంది. అలాంటి బిడ్డకు పస్తులు పెట్టకండి, ప్యాకెట్లు మానిపించండి.

రక్తపరీక్ష గురించి ఒక మాట

5 నుండి 11 ఏళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 కంటే తక్కువైతే రక్తహీనత. ఈ జబ్బులో అది రెండు విధాలుగా వస్తుంది: ఇనుము చాలక, లేదా వాపు వల్ల. వాపు ఉన్నప్పుడు ఒంట్లో ఉన్న ఇనుము కూడా పనికి రాదు. ఫెర్రిటిన్ పరీక్ష కూడా వాపు వల్ల ఎక్కువ చూపిస్తుంది. అందుకే డాక్టరుగారు సి.ఆర్.పి.తో కలిపి చూస్తారు. షాపులో టానిక్ కొని పోసేముందు అడగండి. అన్నం తినగానే టీ ఇవ్వకండి, నిమ్మకాయ పిండండి.

వచ్చేసారి తేవలసినవి

యాయీరు కుమార్తెను లేపినప్పుడు ప్రభువు ఆ పిల్లకు తినడానికి పెట్టమని కూడా చెప్పినట్టు మార్కు సువార్త 5వ అధ్యాయంలో చదువుతాము. ఆ పని ఇంట్లోవాళ్లదే. కాబట్టి ఆ లెక్క కూడా మీ దగ్గరే ఉంటుంది. పాత నోటుబుక్కులో 3 రోజుల తిండి రాసి తీసుకురండి. అందులో ఒకటి ఆదివారం, రెండు మీరు కూలికి వెళ్లే రోజులు ఉండాలి. ఎంత పెట్టారన్నది కాదు, ఎంత తిన్నాడు, కంచంలో ఎంత మిగిలింది, ఎంతసేపు పట్టింది అని రాయండి. చదువు రానివారు బడిపిల్లలచేత రాయించండి. మందుల చీటీలు, నాటువైద్యుడు ఇచ్చిన పొడులుంటే ఆ పొట్లాలు కూడా తేవాలి, మేము కోప్పడము. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు కనుక చూస్తాము.

పాత బట్టలు ఒక జత తెస్తే ఇంకా మంచిది.