సంతకానికి ముందే బండి చుట్టూ తిరిగి చూడండి

ప్రశ్న: మా అబ్బాయికి పుణెలో ఉద్యోగం వచ్చింది. హనుమకొండ నుంచి కారును ట్రెయిలర్ లారీ మీద పంపాం. కిరాయి 14,000 రూపాయలు కట్టాం. అక్కడ దించేసరికి ముందు బంపర్ పగిలింది, ఎడమ తలుపుకు సొట్ట పడింది. మీటరులో 180 కిలోమీటర్లు ఎక్కువ కనిపిస్తోంది. రిపేరుకు 62,000 అవుతుందన్నారు. బుకింగ్ ఆఫీసులో అడిగితే ‘రసీదు వెనక ఓనర్స్ రిస్క్ అని ఉంది, పైగా మేం ఏజెంట్లమే’ అంటున్నారు. మాకు దారేమిటి?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వాళ్లు చెప్పిన రెండు మాటలూ చట్టం ముందు నిలవవు. ధైర్యంగా ఉండండి.

సరుకు రవాణాకు ‘క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007’ వర్తిస్తుంది. ఇందులో రవాణాదారు అంటే లారీ యజమాని ఒక్కడే కాదు. కిరాయికి సరుకు బుక్ చేసుకునే కంపెనీ, ఏజెంటు, బ్రోకరు కూడా ఆ నిర్వచనంలోకే వస్తారు. ఇక ‘ఓనర్స్ రిస్క్’ అని అచ్చు వేసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యానికి బాధ్యత తప్పదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. 12వ సెక్షన్ మీకు ఇంకా పెద్ద అండ. నష్టం జరిగిందని చూపిస్తే చాలు, వాళ్ల నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కర్లేదు.

పరిహారానికి మాత్రం ఒక హద్దుంది. ఎక్కువ రిస్కు రేటు చెల్లించి బుక్ చేయకపోతే, కట్టిన కిరాయికి పది రెట్లు మించి రాదు. మీ విషయంలో అది 1,40,000. మీ రిపేరు ఖర్చు దానికి లోపే ఉంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని నోటీసు. 16వ సెక్షన్ ప్రకారం, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. కారు అందిన తేదీ నుంచి లెక్కేసుకుని మోసపోకండి. ఫోనులో ఎన్నిసార్లు గొడవపడినా అది నోటీసు కాదు. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. దాంతోపాటు ఎల్ఆర్ (లారీ రసీదు), ఫొటోలు, వాట్సాప్ మెసేజీలు, షెడ్డువాళ్లు రాసిచ్చిన అంచనా జాగ్రత్త చేయండి.

దారికి రాకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, పుణె వెళ్లనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అడగకుండా కారు నడిపారన్న విషయమూ సేవాలోపంగా అందులో రాయండి. సలహాకు 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇంకో దారీ ఉంది. మీ పాలసీ థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా సొంత నష్టానికీ వర్తించేదైతే, రోడ్డు మీద రవాణాలో కారుకు జరిగిన నష్టం కూడా సాధారణంగా అందులోకి వస్తుంది. సర్వేయరు చూసేదాకా రిపేరు మొదలుపెట్టకండి. క్లెయిమ్ తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్ పోతుందని గుర్తుంచుకోండి. ‘మాకు ఏ అభ్యంతరమూ లేదు’ అని రవాణా సంస్థకు రాసిస్తే మాత్రం రెండు దారులకూ చిక్కే.

బండి పంపబోయే మిగతా పాఠకులకు ఒక మాట. ఎక్కించే ముందు నాలుగు వైపులా, మీటరునూ వీడియో తీయండి. ఉన్న గీతలు, కారు విలువ కాగితంలో రాయించండి. ట్రెయిలర్ మీద బెల్టులు చక్రాలకు వేయించండి. బాడీకి కడితే, కారు స్ప్రింగుల మీద ఊగినప్పుడల్లా కట్టు సడలుతుంది. చక్రాల ముందూ వెనకా దిమ్మలు ఉన్నాయో లేదో చూడండి. ఫాస్టాగ్ కారులో వదలకండి, టోల్ గేటు దగ్గర మీ ఖాతాలో డబ్బు కోతపడవచ్చు. ఇన్సూరెన్స్ పేరుతో డబ్బు అడిగితే పాలసీ కాగితం చేతికొచ్చాకే కట్టండి.

డెలివరీ రాత్రి పూటైనా లైటు వేయించి చూడండి. డ్రైవరు తొందరపెట్టినా, దెబ్బల సంగతి కాగితం మీద రాశాకే సంతకం చేయండి. ఆ రెండు వాక్యాలే రేపు కమిషన్ ముందు మీకు సాక్ష్యం.

అమ్మా, మీరు మాత్రం ఎల్ఆర్ మీది తేదీ చూసి, ఈ వారంలోనే నోటీసు పంపండి.