చెట్టు మీద పండని పండు

జామకాయ చెట్టు మీదే పండుతుంది. అవకాడో అలా కాదు. కాయ ముదిరినా, కొమ్మకు ఉన్నంతకాలం గట్టిగానే ఉంటుంది. కోసిన తరువాతే మెత్తబడుతుంది. వెన్నలాంటి గుజ్జు ఉంటుంది కాబట్టి దీన్ని వెన్నపండు అని కూడా అంటారు.

దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. మన దేశంలో కొడగు, వయనాడు, నీలగిరి కొండల్లోనూ, సిక్కింలోనూ పండిస్తున్నారు. దీని వేళ్లు నేలలో పైపైనే ఉంటాయి. నీరు నిలిస్తే కుళ్లిపోతాయి. అందుకే మురుగు పోయే వాలు నేల మంచిది.

అవకాడో పువ్వు రెండుసార్లు విచ్చుకుంటుంది. మొదట ఆడపువ్వుగా, మరునాడు మగపువ్వుగా. 'ఎ' రకం చెట్లలో ఆడపువ్వు ఉదయం, మగపువ్వు మధ్యాహ్నం విచ్చుకుంటాయి. 'బి' రకంలో ఇది తారుమారు. రెండు రకాలనూ దగ్గర దగ్గరగా నాటితే తేనెటీగలు పుప్పొడిని అటూ ఇటూ చేరవేస్తాయి. కాపు పెరుగుతుంది.

అసలు పరీక్ష కోత సమయంలోనే. ముదరని కాయ కూడా నిండుగా కనిపిస్తుంది. తొందరపడి కోస్తే సరిగా మెత్తబడదు, ముడతలు పడుతుంది. రైతు కష్టమూ, కొన్నవారి డబ్బూ వృథా. అందుకని ముందుగా ఒక కాయను కోసి చూస్తారు. గింజ మీది పొర పసుపు కలిసిన తెలుపులో ఉంటే ఆగాలి. ముదురు గోధుమ రంగుకు మారితే కోయవచ్చు. కాయను లాగకుండా, కొద్దిగా తొడిమ ఉంచి కత్తిరించాలి.

కోసిన కాయ సుమారు వారం రోజుల్లో మెత్తబడుతుంది. అరటిపండ్లతో కలిపి ఉంచితే, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు వల్ల ఇంకా త్వరగా పండుతుంది. కానీ ముదరకముందే కోసిన కాయను ఏ అరటిపండూ బాగుచేయలేదు.