బొద్దుగా ఉన్న పిల్లలు – గుండెకు పొంచి ఉన్న ముప్పు

పిల్లవాడు బొద్దుగా ఉంటే ఇంటిల్లిపాదికీ ముచ్చటే. "దిష్టి తగులుతుంది, తూకం వేయకమ్మా" అని నాతో అనే నాయనమ్మలున్నారు. వారి ప్రేమను తప్పుపట్టలేము. కాని బరువు హద్దు మీరితే ఆ భారం మోయవలసింది ఆ చిన్న గుండే.

గుండెజబ్బు బయటపడేది పెద్దయ్యాక. దానికి బీజం పడేది చిన్నతనంలోనే. అధిక బరువు వల్ల రక్తపోటు, రక్తంలో చక్కెర, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతాయి. ఇవి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అమెరికాలోని బొగలూసా పట్టణంలో, ప్రమాదాల వంటి కారణాలతో మరణించిన పిల్లల, యువకుల రక్తనాళాలను పరీక్షించారు. బరువు, రక్తపోటు, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారి నాళాల్లో కొవ్వు చారలు ఎక్కువగా కనిపించాయని 1998లో ప్రకటించారు.

అయితే మించిపోయింది లేదు. 2011లో వెలువడిన అధ్యయనంలో 6,328 మందిని బాల్యం నుండి సగటున 23 ఏళ్లు గమనించారు. చిన్నప్పుడు లావుగా ఉండి, పెద్దయ్యేసరికి తగ్గినవారికి ముప్పు, ఎన్నడూ లావుగా లేనివారితో దాదాపు సమానంగా ఉంది.

ఇంట్లోనే చూడండి:

ఆరేళ్లు దాటిన పిల్లల ఎత్తుకు సరిపడా దారం తీసుకుని సగానికి మడవండి. పక్కటెముకల చివరకు, తుంటి ఎముకకు నడుమ చుట్టండి. కొసలు కలవకపోతే డాక్టరుగారికి చూపించండి. మెడ చుట్టూ చర్మం నల్లబడి మందంగా ఉంటే అది మురికి కాదు. రుద్ది కడగవద్దు, అదీ చూపించండి.

ఏమి చేయాలి?

1. పస్తు పెట్టవద్దు. అన్నం ఒక గరిటె తగ్గించి తోటకూర, బీరకాయ, సొరకాయ కూరలు పెంచండి. దివిసీమలో చేపలకు కొదవ లేదు. వేపుడు బదులు పులుసు పెట్టండి.

2. 300 మి.లీ. కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. మంచినీళ్లు, పలుచని మజ్జిగ ఇవ్వండి. వేసవిలో తాటిముంజలు మంచివి.

3. బందరు లడ్డు పండుగకే ఉంచండి. మార్కులు వచ్చాయని, ఏడుపు మానాడని తీపి పెట్టవద్దు.

4. రోజుకు గంటసేపు చెమట పట్టేలా ఆడనివ్వండి. గుడివాడ, బందరుల్లో బడి దగ్గరే అయితే ఆటో మాన్పించి, వెంట ఉండి నడిపించండి. కాలువలో ఈతకు పెద్దల తోడు లేకుండా పంపవద్దు.

5. ఆరు నుండి పన్నెండేళ్ల పిల్లలకు 9 గంటలకు తగ్గకుండా నిద్ర అవసరం. రాత్రి ఫోను, టీవీ కట్టేయండి.

6. బిడ్డను "బండోడు" అని ఎగతాళి చేయవద్దు. నాన్న బజ్జీలు తింటూ బిడ్డకు దోసకాయ ముక్కలు పెడితే ఫలితం ఉండదు. ఇల్లంతా కలిసి మారాలి.

ఎదిగే పిల్లల్లో చాలామందికి బరువు పెరగకుండా నిలిస్తే చాలు, ఎత్తుతో పాటు సర్దుకుంటుంది. సన్నబడే పొడులు, మాత్రలు సొంతంగా వాడవద్దు.

మీరు ఈ పేజీని తాతగారి మంచం పక్కన కూర్చుని చదువుతూ ఉండవచ్చు. ఆయన గుండె కోసం వచ్చారు. పక్కనే ఉన్న మనవడి బరువు, రక్తపోటు కూడా ఈరోజే చూపించి వెళ్లండి.