టిప్పు ఎక్కడ, ఎంత?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. నేనూ మా ఆవిడా వెళ్తూ దారిలో టోక్యోలో రెండు రోజులు ఆగుతాం. హోటళ్లలో టిప్పు ఎవరికి, ఎంత ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అమెరికా, జపాన్‌ల పద్ధతులు పూర్తిగా వేరండీ. అమెరికాలో పనివారి సంపాదనలో టిప్పు పెద్ద భాగం. టిప్పులు అందుకునేవారికి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం, ఫెడరల్ చట్టం ప్రకారం, గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచి అది పెరగలేదు. మీ అబ్బాయి ఉండే టెక్సస్‌లోనూ అదే లెక్క. అందుకే కూర్చుని తిన్నచోట, పన్ను కలపకముందు బిల్లుపై 15 నుంచి 20 శాతం ఇవ్వండి. సామాను మోసినవారికి పెట్టెకు ఒకటి రెండు డాలర్లు. గది శుభ్రం చేసేవారినే చాలామంది మరిచిపోతారు, అది అన్యాయం. రోజుకు 2 నుంచి 5 డాలర్లు, ‘థాంక్యూ’ అని రాసిన చీటీతో ఏ రోజుకారోజు పెట్టండి. మర్నాడు వచ్చే మనిషి వేరు కావచ్చు. చిల్లర నోట్లు ముందే మార్చుకోండి.

టోక్యోలో మాత్రం టిప్పు వద్దు. బల్లమీద వదిలినా, మరిచిపోయారనుకుని తెచ్చి ఇచ్చేస్తారు.

అమెరికాలో బిల్లులో ‘గ్రాట్యుటీ’, ‘సర్వీస్ చార్జ్’ అని కనిపిస్తే టిప్పు అప్పటికే కలిసి ఉండొచ్చు. సంతకం పెట్టకముందే రిసెప్షన్‌లో అడగండి. కార్డు నుంచి ఎక్కువ సొమ్ము పోయి, హోటల్‌వారు సరిచేయకపోతే వెంటనే మీ బ్యాంకుకు ఫిర్యాదు చేయండి.