చెలమ నీరు

తొరపాడి,
రాయవేలూరు.

చిరంజీవియగు తమ్ముని కుమారునకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరినది. గుడియాత్తములోని మీ సంఘమునకు నీవు కార్యదర్శిగా ఎన్నికైతివని విని మీ పెద్దమ్మ ఆ జాబును రెండుమారులు కన్నులకద్దుకొన్నది. నేను మాత్రము, దానితోపాటు నీవు పంపిన ఉజ్జీవ కూటముల కరపత్రపు నమూనాను కండ్లజోడు సవరించుకొని చదివి, అందులో ప్రభువు నామముకంటె నీ పేరు లావుపాటి అక్షరములలో నుండుట చూచి, కొంతసేపు ఊరక కూర్చుంటిని. కోపించి కాదు. ఆ అక్షరములు నాకు పాత పరిచయస్థులు.

నలుబదియేండ్ల క్రిందట, అప్పుడు నేను సభ్యుడనైయున్న ఒక సంఘమునకు గోడగడియార మొకటి కానుకగా నిచ్చితిని. దానిక్రింద నా పేరు చెక్కిన రాతిపలక నిలుపవలెనని కోరగా కమిటీవారు వలదనిరి. నేనలిగి ఎనిమిది నెలలు ప్రభురాత్రి భోజనపు బల్లయొద్దకు పోలేదు. పోకుండుటయే గాక, నేను పోవుటలేదని నలుగురును గమనించుచున్నారా లేదాయని ప్రతి ఆదివారము ఆరాతీయుచుంటిని. ఆ దేవాలయమునూడ్చి దీపములు తుడిచెడి ముసలమ్మ ఒకనాటి మధ్యాహ్నము మా యింటి అరుగుమీద కూర్చుండి, ఆకువక్క నమలుచు, "అయ్యా, నీ పేరు రాయలేదని గడియారమేమీ నిలిచిపోలేదు, గంటగంటకీ కొడతానే ఉండాది" అని చెప్పి, ఇచ్చిన మజ్జిగ త్రాగి లేచిపోయెను. నా జీవితములో నేను వినిన ప్రసంగములలో అంత కురచది మరియొకటి లేదు. అంత కాలము నిలిచినదియు లేదు.

పాలారు నీవెరుగనిది కాదు. మీ యూరి కౌండిన్యనదియు వచ్చి దానిలోనే కలియుచున్నది. ఏడాదిలో పెక్కునెలలు ఇసుక తప్ప ఏమియు కానరాని ఈ యేరు 1903లో వాణియంబాడిని ముంచి జననష్టము చేసినదనిన, క్రొత్తగా వచ్చినవాడు నమ్మడు. అయినను దీని గట్టునగల పల్లెలు బ్రతికినది వెల్లువవలన గాదు, చెలమలవలన. ఇసుకను చేతులతో తోడి, మోకాళ్లూని, తొలుత ఊరెడి మడ్డినీటిని పారబోసి, తేటపడువరకు ఓర్చి, చిప్పతో ముంచుకొనవలెను. నిలుచుండి చెలమనీరు ముంచినవానిని నేను చూడలేదు. ఉజ్జీవమనగానే మనవారి మనస్సునకు వెల్లువ తోచును: షామియానా, మైకు, పొరుగూరి ప్రసంగీకుడు, మూడు రాత్రుల జనసమ్మర్దము. అది వలదనను. నాలుగవనాటి ఉదయమున ఇసుకయే మిగిలినచో ఏమి చేయుదువని మాత్రమడుగుచున్నాను.

చెలమయొద్దవలె వంగినవారిని మన ప్రాంతముననే చూడుము. 1921లో తిరుపత్తూరులో క్రీస్తుకుల ఆశ్రమమును నెలకొల్పిన ఇరువురును వైద్యులే. ఒకరు జేసుదాసన్, తమిళుడు. రెండవవారు ఫారెస్టర్ పేటన్, స్కాట్లండులో మిక్కిలి కలిగిన యింటి బిడ్డ. తెల్లవాడైనంత మాత్రమున దొరయని పిలిపించుకొనదగిన ఆ కాలమున, ఆయన ఖద్దరు కట్టి, నేలపై కూర్చుండి శాకాహారము భుజించి, ఆశ్రమమున 'చిన్నన్న' అనిపించుకొనెను, జేసుదాసన్ 'పెద్దన్న'. ఎంత యోచింపదగిన మాట! పాలకజాతివాడు పాలితజాతివానికి తమ్ముడగుట ఆనాడు ఏ శాసనసభయు చేయజాలని చట్టము.

దీనత్వమును గూడ జరీయంచు వేసి ధరించువారు కలరని మరువకుము. 'నేను అయోగ్యుడను, పురుగును' అని వేదికపై కన్నీరు కార్చువాడు, క్రింద ఎవడైన 'అవునయ్యా' అనినచో ఆ రాత్రి నిద్రపోడు.

తమిళులు మంచివేళ తాముంచుకొని మన తెలుగు ఆరాధనకు తెల్లవారుజాము విడిచిరని నీవు వ్రాసిన ఫిర్యాదు చదివితిని. న్యాయముండవచ్చును, ఓర్పుతో మాటలాడుము. అయితే వి. ఎస్. అజరయ్యగారిని తలంచుకొనుము. ఆయన తిరునెల్వేలి తమిళుడు; తెలుగు నేర్చి, 1912లో దోర్నకలునకు బిషప్పై, భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పనిపించుకొని, తెలుగుపల్లెలనే తన యిల్లుగా చేసికొనెను. 1919లో తరంగంబాడిలో సంఘైక్యమునకై కూడిన సభకు ముందునిలిచిన వారిలో ఆయన యొకరు. అటుపిమ్మట ఇరువదియెనిమిదేండ్లు చర్చలు సాగెను. బిషప్పులు లేని సంఘములవారు బిషప్పుల నంగీకరించిరి. ఆంగ్లికనులు బిషప్పు హస్తనిక్షేపము లేని కాపరులను సహకాపరులుగా చేర్చుకొనిరి. తమ తాతలు ప్రాణముతో సమానముగా ఎంచినదానిని ఒక్కొక్కరు కొంతకొంత వదలుకొనిరి. 1947 సెప్టెంబరు 27న చెన్నపట్టణములో దక్షిణ ఇండియా సంఘము వెలసినది. అజరయ్యగారు 1945 జనవరి 1ననే కన్నుమూసిరి. నాటినవాడు పండు తినలేదు. మనము తెల్లవారుజామున లేచుటకు సణుగుచున్నాము.

ఇంకొక మాట. మంచి శుక్రవారమునకు ముందటి గురువారమున పాదములు కడుగు ఆచారమును మీ సంఘములో క్రొత్తగా పెట్టదలచితివట. పెట్టుము. దానికి ముందొకనాడు కాట్పాడి దాటి కరిగిరికి పొమ్ము. కుష్ఠరోగులకొరకు 1955లో అచ్చట స్థాపించిన ఆసుపత్రి కలదు. ఆ రోగమున పాదమునకు స్పర్శ పోవును. నొప్పి తెలియదు గనుక ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు ఒరసినను రోగి నడచుచునే యుండును. పుండై, ఎముక చెడి, కాలు పోవును. కనుక ఆ పాదములను నీటిలో నానబెట్టి, గట్టిపడిన చర్మమును గీకి, నూనె రాచి, వ్రేళ్ల సందులవరకు దినదినము పరీక్షించి, మెత్తని రబ్బరు చెప్పులు తొడిగింతురు. అచ్చట పాదములు కడుగుట ఏడాదికొక పండుగ కాదు, అది పని. సంఘమునకును ఇట్టి వ్యాధియే సోకుననుకొందును: ఎవడు గాయపడెనో తెలియకుండ నడచిపోవుట. నీ చేతిలో ఓడిన అభ్యర్థి రెండు ఆదివారములుగా రాలేదని నీ జాబు చివర ఒక్క ముక్కలో వ్రాసితివి. నాకు ఆ జాబంతటిలో అదియే పెద్ద అక్షరములలో కనబడినది.

కూటములకు ముందే అతని యింటికి పొమ్ము. ఒంటరిగా పొమ్ము, కాపరిని వెంటబెట్టుకొని పోయినచో అది రాయబారమగును. నీవు గెలిచిన సంగతి ఎత్తకుము, క్షమించితినని అనకుము. అతడు మాటలాడకున్నను కొంతసేపు కూర్చుండి రమ్ము. కానుకల లెక్క నెలనెలా సంఘమునెదుట చదువుము. ప్రేమవిందునాడు గిన్నెలు తోమువారిలో నీవుండుము, ఫోటో తీయువాడు పోయిన తరువాత.

కరపత్రమును దీనితో తిప్పిపంపుచున్నాను. నీ పేరున్న చోట పెన్సిలుతో గీత గీచితిని. కొట్టివేయుటయు మానుటయు నీ యిష్టము. రెండవనాటి సాయంకాలము బస్సుకు వత్తును. మోకాలి నొప్పిచే నేలమీద కూర్చొనలేను. వెనుక వరుసలో ఒక బల్ల వేయించుము.

మీ పెదనాన్న