రేవు ఎవరిది?

సముద్రంమీద ఓడలు తమకు తోచినట్లు తిరగవు. వాటికీ దారులున్నాయి. పశ్చిమాసియా చమురు తూర్పు దేశాలకు, చైనాలో తయారైన వస్తువులు ఐరోపాకు వెళ్లే పెద్ద దారి ఒకటి శ్రీలంక దక్షిణ తీరానికి దగ్గరగా పోతుంది. ఇటువంటి దారుల వెంట చాలా దేశాల రేవులలో చైనా కంపెనీలు పెట్టుబడి పెట్టాయి. గ్రీసులోని పిరేయస్, పాకిస్తాన్‌లోని గ్వాదర్ వాటిలో కొన్ని. మనం శ్రీలంకలోని హంబన్‌టోట రేవు సంగతి తెలుసుకుందాం.

హంబన్‌టోట ఉప్పుమడులకు, చేపల వేటకు పేరుపొందిన చిన్న పట్టణం. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఆ ఊరిని అతలాకుతలం చేసింది. తమ తీరం ముందునుంచే ఇన్ని ఓడలు వెళుతున్నాయి కదా, ఇక్కడొక రేవు ఉంటే ఊరు బాగుపడుతుందన్న ఆశ అక్కడివారికి ఎప్పటినుంచో ఉంది.

రేవు కట్టడానికి డబ్బు కావాలి. మొదటి దశకు చైనా ఎగుమతి దిగుమతి బ్యాంకు 30.7 కోట్ల డాలర్లు అప్పు ఇచ్చింది. చైనా కంపెనీలే పని చేశాయి. 2008లో మొదలైన రేవు 2010 నవంబరులో ప్రారంభమయింది.

కాని ఓడలు రాలేదు. 2012లో అక్కడ ఆగినవి 34 మాత్రమే. ఎందుకని? దారి పక్కన రేవు ఉన్నంత మాత్రాన ఓడ ఆగదు. దించవలసిన సరుకో, ఎక్కించవలసిన సరుకో ఉంటేనే ఆగుతుంది. ఆ సరుకంతా కొలంబోలో ఉంది. ఓడలు రాకపోయినా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది.

2017లో శ్రీలంక ప్రభుత్వం ఆ రేవును 99 ఏళ్లకు కౌలుకిచ్చింది. చైనా మర్చంట్స్ అనే కంపెనీ 112 కోట్ల డాలర్లు చెల్లించి ఎక్కువ వాటా తీసుకుంది. అప్పు తీర్చలేక రేవును వదులుకున్నారని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. కౌలు సొమ్ముతో రేవు అప్పు రద్దు కాలేదు. విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న ప్రభుత్వం ఆ డబ్బును ఇతర అవసరాలకు వాడుకుంది. అప్పు అలాగే మిగిలింది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపులు ఆపివేసింది. అప్పటికి చైనా అప్పులకన్నా ప్రపంచ విపణిలో బాండ్లు అమ్మి తెచ్చిన అప్పులే ఎక్కువ.

ఇప్పుడు కొలంబో చూద్దాం. అక్కడ ఒక లోతైన కంటైనరు ధక్కాను 2013 నుంచి నడుపుతున్నది కూడా చైనా మర్చంట్స్ కంపెనీయే. అక్కడ దాని వాటా 85 శాతం, గడువు 35 ఏళ్లు. ధక్కా కట్టడానికి పెట్టుబడి తెచ్చుకునే బాధ్యత కంపెనీదే. భారతదేశానికి వచ్చిపోయే సరుకు ఎంతో కొలంబోలో ఓడలు మారుతుంది కాబట్టి ధక్కా రద్దీగా ఉంటుంది. దేశం ఒకటే, కంపెనీ ఒకటే. ఒప్పందాలు వేరు, ఫలితాలూ వేరు.

కౌలుకిచ్చిన పొలం కౌలుదారుది కాదు. హంబన్‌టోట నేల శ్రీలంకదే. భద్రత కూడా శ్రీలంక చేతిలోనే ఉంది. అయినా 2022 ఆగస్టులో యువాన్ వాంగ్ 5 అనే చైనా నౌక అక్కడికి వచ్చినప్పుడు భారతదేశం ఆందోళన చెందింది. రేవు అంటే వ్యాపారం ఒక్కటే కాదని దీనివల్ల తెలుస్తుంది.

హంబన్‌టోట కౌలు గడువు 2116లో తీరుతుంది. ఒప్పందం మీద సంతకం చేసినవారు అప్పటికి ఉండరు. దాని మంచిచెడ్డలు అనుభవించేది వారి మనుమలు, మునిమనుమలు. అందుకే అప్పు పత్రాన్ని సంతకానికి ముందే చదవాలి.

అర్థాలు
ధక్కా : ఓడ ఆగి సరుకు దించే కట్ట
విపణి : అంగడి, మార్కెట్టు
వాటా : భాగం

ప్రశ్నలు
1. హంబన్‌టోటకు మొదట ఓడలు ఎందుకు రాలేదు?
2. కొలంబో, హంబన్‌టోట ఒప్పందాలకు గల భేదాలేవి?
3. అమ్మకానికీ కౌలుకూ తేడా ఏమిటి? మీ ఊరిలోని ఉదాహరణతో రాయండి.