ఐఓటీ వ్యూహం తయారయ్యే తీరు: బ్రస్సెల్స్ నుంచి గచ్చిబౌలి దాకా

వ్యూహపత్రం రాయడం పెద్ద కష్టమేమీ కాదు. నలుగురు నిపుణుల్ని ఒక గదిలో కూర్చోబెడితే సాయంత్రానికి ముసాయిదా చేతికొస్తుంది. అందులో రాసుకున్నది చౌకరకం కెమెరా తయారుచేసే ఫ్యాక్టరీ దాకా చేరడమే అసలు పని. వస్తువుల ఇంటర్నెట్, అంటే ఐఓటీ, మనిషి అవసరానికి లోబడి నడవాలని యూరోపియన్ యూనియన్ చాలాకాలంగా చెబుతోంది. ఆ మాటను పనిలో పెట్టే క్రమం ఇలా ఉంటుంది.

ముందు నొప్పి ఎక్కడుందో పట్టుకోవాలి. 2016 అక్టోబరు 21న ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి మొరాయించాయి. మిరాయ్ అనే మాల్‌వేర్ ఇళ్లలోని కెమెరాల్లో, డీవీఆర్‌లలో, రౌటర్లలో దూరి, వాటన్నిటినీ, ఆ సైట్ల చిరునామాలు చూపే డిన్ అనే సంస్థ సర్వర్ల మీదికి ఉసిగొల్పింది. దూరడానికి మహా తెలివేమీ అక్కర్లేకపోయింది. దాని దగ్గరున్నది అరవైకి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా. ‘అడ్మిన్, అడ్మిన్’ ఒకటి. ‘రూట్, 123456’ ఇంకొకటి. ఫ్యాక్టరీలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కొన్ని పరికరాల్లోనైతే మార్చుకునే వీలే లేదు. కొన్నవాళ్ల అజాగ్రత్త అని చేతులు దులుపుకోవచ్చు. వ్యూహం రాసేవాళ్లు ఎవరి పక్షమో ఇక్కడే తెలిసిపోతుంది.

తర్వాత డబ్బు. యూరోపియన్ యూనియన్ పరిశోధన పథకం హొరైజన్ 2020 కింద దాదాపు 10 కోట్ల యూరోలతో అయిదు భారీ పైలట్ ప్రాజెక్టులు 2017లో మొదలయ్యాయి: వృద్ధుల సంరక్షణకు యాక్టివేజ్, వ్యవసాయానికి ఐఓఎఫ్2020, నగరాలకు సింక్రోనిసిటీ, జనసమ్మర్ద ఉత్సవాలకు మోనికా, డ్రైవర్ లేని వాహనాలకు ఆటోపైలట్. వీటితోపాటే క్రియేట్-ఐఓటీ, యూ4ఐఓటీ అని రెండు సమన్వయ ప్రాజెక్టులకూ నిధులిచ్చారు. నన్నడిగితే తెలివైన ఖర్చు ఇదే. ఎవరి ప్రాజెక్టు వాళ్లు చేసుకుపోతే అయిదు చోట్లా అదే పాఠం అయిదుసార్లు నేర్చుకుంటారు.

మూడోది, వాడేవాళ్లను పిలవడం. దీన్ని చివర్లో ఒక సర్వేతో సరిపెట్టేయడం ఎక్కడైనా ఉన్న అలవాటే. యాక్టివేజ్ ఏడు దేశాల్లో తొమ్మిది చోట్ల నడిచింది. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంట్లో తలుపు సెన్సర్ పెడతామనుకోండి. ఆమె పొద్దున పదింటిదాకా లేవకపోతే కబురు ఎవరికి వెళ్లాలి? కూతురికా, పక్కింటికా, ఆసుపత్రికా? ‘ఇవాళ నా జోలికి రావొద్దు’ అని ఆమె దాన్ని ఆపేసుకోవచ్చా? ఇంజనీరు ఒక్కడే కూర్చుంటే ఈ ఆఖరి ప్రశ్న తట్టదు. ఆ ‘ఆపు’ బటన్ డిజైన్ మొదట్లోనే చేరాలి. పరికరం తయారయ్యాక చేర్చడం ఖరీదైన వ్యవహారం.

నాలుగో పని ఉమ్మడి భాష. సింక్రోనిసిటీలో శాంటాండర్, పోర్టో, మిలాన్ లాంటి నగరాలున్నాయి. ఒక్కో ఊళ్లో ఒక్కో కంపెనీ ప్లాట్‌ఫారం. అన్నీ మార్చి ఒకటే పెట్టండంటే ఏ మేయరూ ఒప్పుకోడు. అందుకని కనీస ఒప్పందాలు కొన్నే పెట్టుకున్నారు: డేటా అడిగే పద్ధతి ఒకటి, పార్కింగ్ స్థలాన్నో గాలి నాణ్యతనో వర్ణించే నమూనా ఒకటి, ఇలా. ఒక ఊరికి రాసిన అప్లికేషన్ ఇంకో ఊళ్లో పెద్ద మార్పుల్లేకుండా నడవాలన్నది లెక్క. అన్నీ ఏకం చేయాలన్న ఆశ వదులుకోవడమే ఇక్కడి నేర్పు.

తర్వాతి విడతలో పరిశోధన పటం గీశారు. 2020లో మొదలైన ఈయూ-ఐఓటీ సమన్వయ ప్రాజెక్టు రంగాన్ని అయిదు భాగాలుగా చూసింది. మనిషికీ పరికరానికీ మధ్య ఇంటర్‌ఫేస్ వాటిలో ఒకటి. పటాలు ఉపయోగమే, కానీ గోడకు అంటించి మురిసిపోతే లాభం లేదు.

ఆఖరి మెట్టు ప్రమాణం, ఆ పైన చట్టం. వినియోగదారుల ఐఓటీ భద్రతకు యూరప్ ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ 2020 జూన్‌లో ఈఎన్ 303 645 ప్రమాణం తెచ్చింది. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి అమ్మొద్దన్నది అందులో మొదటి నియమం. వాడేవాళ్లు తమ డేటాను సులువుగా చెరిపేసుకోగలగాలన్నదీ ఉంది. నిజం చెప్పాలంటే దీని మూలం పైలట్లలో లేదు. 2018లో బ్రిటన్ ప్రభుత్వం తెచ్చిన ప్రవర్తనా నియమావళిలో ఉంది. పరిశోధనకు పెట్టిన కోట్లకు రాని పేరు పదమూడు నియమాల చిన్న జాబితాకు వచ్చింది. తర్వాత యూరోపియన్ యూనియన్ సైబర్ రెసిలియెన్స్ చట్టం వచ్చింది, 2024 డిసెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అందులోని ముఖ్యమైన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. తీవ్రమైన ఉల్లంఘనకు కోటిన్నర యూరోలు, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకూ జరిమానా. ఫ్యాక్టరీకి అర్థమయ్యే భాష ఇది.

మనదాకా కూడా ఈ ప్రమాణం చేరింది. కేంద్రంలోని టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ సెంటర్ 2021లో తెచ్చిన ఐఓటీ భద్రతా నియమావళి ఈటీఎస్ఐ ప్రమాణం దారిలోనే నడుస్తుంది. వేర్వేరు కంపెనీల పరికరాల్ని కలిపే వన్ఎం2ఎంను కూడా అదే సంస్థ జాతీయ ప్రమాణంగా తీసుకుంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లోని స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్‌లో గాలి, నీరు, కరెంటు వాడకం కొలిచే సెన్సర్లు ఆ వన్ఎం2ఎం మీదే మాట్లాడుకుంటాయి. టెలికమ్యూనికేషన్ సెంటర్ నియమావళిలో అలాంటి జరిమానా మాత్రం లేదు. బజార్లో సీసీ కెమెరా కొనేటప్పుడు ‘పాస్‌వర్డ్ మార్చుకోవచ్చా, అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారు’ అని దుకాణదారుణ్ని మనమే అడగాలి.